తలుపు దగ్గరేసి

అప్పా జంక్షన్ దాటినంక
బండి ట్యాంకు మీద ఎండ ఎక్కి కూసుంటది,
బడి ఎగ్గొట్టిన పిల్లలెక్క.
దిగుమంటే దిగదు.

మీటర్లు చూడవట్టి పదకొండేండ్లాయె.
ఆరేండ్లు నగరం లోపల తిరిగిన.
సెల్లార్ చీకట్ల, జనరేటర్ ఎనుక
గోడకు నూటిరవై డబ్బాలు.
ఒక్క మనిషి మొఖం చూడకుంటనే
నెల ఒడిసేది.

ఇటు దిక్కు మీటరు కాడికి పోవాల్నంటే
ముందుగాల కుక్కతోటి మాట్లాడాలె,
అటెన్క బర్రెను జరపాలె,
ఆఖరికి అరుగు మీది బందెప్ప తాత
"ఎవ్వల కొడుకువు?" అంటే
ప్రతి నెలా కొత్తగ చెప్పుకోవాలె.
ఐదేండ్లసంది చెప్తనే ఉన్న.

ఊరి పేరు గుండ్లకుంట.
కుంట పూడి క్రికెట్ గ్రౌండయింది.
గుండ్లున్నయి,
ఒకదాని మీదొకటి, ఇయ్యాల పడ్తమా రేపు పడ్తమా అన్నట్టు
ఎన్నడు పడకుండ.
పొద్దంత కాగిన ఆ రాళ్లు
రాత్రి పదింటిదాక ఎచ్చగనే ఉంటయి.
పోరగాళ్లు వాటి మీదికెక్కి సిగ్నల్ పట్టుకుంటరు.
ముసలోళ్లు నడుములు ఆనిచ్చి కాపుకుంటరు.

ఇటు గులాబీ తోట, అటు తెల్లసున్నమేసిన ప్లాటు రాళ్లు,
నడుమ ఎకరం జొన్నచేను
పెండ్లిల అలిగిన మేనమామ తీరు
జరగనని కూసున్నది.
తెల్లారకముందే గుడిమల్కాపూర్‌ల పూలు దించొచ్చిన ఆటోలనే
ఇంటరు పిల్లలు మొయినాబాదు పోతరు.
కెమిస్ట్రీ బుక్కుల ఎర్రటి రేకలు.

మహబూబ్ బీ తన కండ్లద్దాలు
మీటరు డబ్బాలనే పెట్టుకుంటది.
నేను డబ్బా తెరిచి అద్దాలిస్తే
అవి పెట్టుకొని మరీ
నా రీడింగు తప్పని కొట్లాడుతది.

మాణెమ్మ మిద్దె మీద కాలు పెట్ట సందుండదు.
మిరపకాయలు, చింతపండు, మనుమని బూట్లు,
నానిన పట్టా పాసుబుక్కు.
"గీ ఎండకు గూడ బిల్లు కొడ్తవా బిడ్డా?"
"ఆ మిషన్ ఇంకా రాలేదు పెద్దమ్మా."
"వస్తే మా ఇంటికాడ ఆపకు,
సీదా పో."

అంత మంచిగుందని చెప్తలేను.
బోర్లు తొమ్మిదొందల ఫీట్లు దిగినయి.
క్రషర్ దుమ్ము కంచంల పడ్తది.
దవాఖాన పదిహేను కిలోమీటర్లు.
మే నెలల ట్యాంకరొస్తే జుట్లు పట్టుకుంటరు,
ఆ నీళ్ల చాయే మళ్ల
ఒక్క గడప మీద కూసొని తాగుతరు, మూతులు ముడుసుకొనే.

మా మిషన్ల ఒక బటన్ ఉంటది: డోర్ లాక్.
గుండ్లకుంటల దాన్ని ఒత్తింది లేదు.
ఇంట్ల ఎవ్వరు లేకున్నా
తలుపు దగ్గరేసి, అడ్డం కట్టె పెట్టి పోతరు.
కట్టె కుక్కకు,
మనిషికి కాదు.

ఊరు దాటంగనే ఫాంహౌసులు.
డోర్ లాక్. డోర్ లాక్. డోర్ లాక్.
ఈత కొలనుల ఆకులు, గేటు మీద కెమెరా,
సున్నా యూనిట్లకు మినిమం చార్జీ.

అందుల ఒకటి శేషాచలపతి సారుది,
బ్యాంకుల చేసి రిటైరయిండు, బందరు దిక్కాయన.
కూకట్‌పల్లిల ఫ్లాటు అమ్ముకొని
ఎండ కోసమొచ్చిన అన్నడు. మోకాళ్లకు మంచిదట.
మొదటి నెల గేటు సందులకెల్లి చెయ్యి చాపి బిల్లు తీసుకున్నడు.
మూడో నెల గేటు సగం తీసుంది.
వానకాలం పోయినంక చూస్తే
కెమెరా తీగె మీద లుంగీ ఆరేసుంది,
బందెప్ప తాత కుక్క పిల్లల్ని ఆయన మెట్ల కింద పెట్టింది.

మొన్న పోయిన.
సారు లేడు. తాళమూ లేదు.
గేటుకు అడ్డం ఒక కట్టె,
అలవాటు లేని చెయ్యి పెట్టినట్టుంది, వంకరగ.
మీటరు చూసుకొని మళ్లుతుంటే
గుండ్ల మీదికెల్లి గొంతు,
తాత పక్కన తువ్వాల పరుసుకొని కూసున్నడు:
"ఏమయ్యా, నువ్వెవరబ్బాయివి?"

బిల్లు చేతులనే ఉంది.
ఎండకు కాయితం నల్లబడ్తుంటే
మళ్ల మొదటికెల్లి చెప్పుడు మొదలువెట్టిన,
మా నాయిన పేరు...